తిరుగుడు తెడ్డు

ఆశ్వయుజ బహుళ విదియ

బొమ్మ విమానం ఎగరేసేవాళ్లు ఎప్పటికప్పుడు నమోదు రాసి పడవలో పంపాలని గగనమండలి నియమం. సరే, రాస్తున్నాను. నా పేరు మల్లాడి సత్యవేణి. ఊరు కాకిమెరక. గట్టు మీద పంపుల మోటార్లు చూసుకోవడం నా పని. కాలిపోయిన మోటారులోంచి రాగి తీగ విప్పి మళ్లీ చుట్టడం నాకు అన్నం కలుపుకున్నంత తేలిక. ఇది చదివే మండలివారు ఎవరో నాకు తెలియదు. నచ్చకపోతే చదవడం మానెయ్యండి, నేను మాత్రం రాయడం మానను.

సంగతి మీకు తెలిసిందే అయినా రాస్తాను. మీరు చేసిన పని మీ కళ్లతో మీరే చదవాలి. ఈ ఏడు ఉత్తరాలు తీసుకెళ్లే మీ విమానం మా ఊరికి రాలేదు. ఇంత చిన్న లంక కోసం ఎగరడం దండగన్నారు. ఏడాదిలో ఒక్కసారైనా గాలిదారిన ఉత్తరం పంపని ఊరు అసలు ఊరే కాదన్నదీ మీ నియమమే. మీ ఏడాది కార్తీక పౌర్ణమి పోటుతో ముగుస్తుంది. ఆ తర్వాత పటంలోంచి మా పేరు తీసేస్తారు, పంపులకి కరెంటు ఆపేస్తారు. పంపులు ఆగితే గట్టు దాటి ఊటగా వచ్చే సముద్రం మా వంటగదుల్లోకి వస్తుంది. పడవలో ఉత్తరం తెస్తామంటే అది లెక్కలోకి రాదన్నారు.

అయితే గాలిదారినే పంపుతాం. రెండు కేజీలకి మించనిది బొమ్మ అనీ, బొమ్మకి అనుమతి అక్కర్లేదనీ మీ పుస్తకంలోనే ఉంది. ఆ వాక్యం రాసినాయన ఎక్కడున్నా చల్లగా ఉండాలి.

ఆశ్వయుజ బహుళ పంచమి

విమానం తయారైంది. ఒళ్లంతా చేపల పెట్టెల ధర్మాకోల్. రెక్కల్లో వెదురు బద్ద. పైన నల్లరంగు పూశాం, ఇంట్లో ఆ రంగే ఉంది మరి. దాంతో పేరు కూడా కాకి అయింది.

మోటారు మీదే. పోయిన ఏడు మడ అడవిలో కూలిన మీ సరుకుల యంత్రంలోంచి తీశాను. మండలి సిగ్నల్ అందకపోతే తిరగకుండా తాళం పెట్టారు కదా, ఆ తాళం ఉన్న సర్క్యూట్ పలక పీకేసి పాత కరెంటు సైకిల్ మోటారు పలక తగిలించాను. అయస్కాంతాలకీ ఇనుముకీ ఎవరి మీదా విశ్వాసం ఉండదు. తీగ ఎలా చుడితే అలా తిరుగుతాయి.

ఎలా చుట్టాలన్న దగ్గరే వదినకీ నాకూ మొదటి గొడవ. ముత్యాలు వదిన మా అన్న భార్య. ఒకప్పుడు వరిచేలకి మందు కొట్టే యంత్రాలు ఎగరేసేది, లైసెన్సు మీరే లాక్కున్నారు. ఇప్పుడు కాకిని నడపాల్సింది ఆవిడే. లావు తీగ తక్కువ చుట్లు చుడితే మోటారు పిచ్చెత్తినట్టు తిరుగుతుంది, దానికి చిన్న ప్రొపెల్లర్ సరిపోతుంది. సన్న తీగ ఎక్కువ చుట్లు చుడితే నిదానంగా తిరుగుతుంది, కానీ పెద్ద ప్రొపెల్లర్‌ని తిప్పే బలం ఉంటుంది. మీ యంత్రాలన్నీ కీచుమంటూ వేగంగా తిరుగుతాయి కాబట్టి నేనూ వేగానికే చుట్టాను. ఆ యంత్రంలోనే దొరికిన ఆరంగుళాల ప్రొపెల్లర్ బిగించాను.

"వేగంగా ఎల్లి ఎవర్ని పట్టుకుంటావే? మనకి దూరం కావాలి గానీ తొందర కాదు" అంది వదిన.

"ముందు ఎగరనీ వదినా, తర్వాత శాపనార్థాలు పెడుదువుగాని" అన్నాను.

ఎగిరింది. ఊరి చుట్టూ తిప్పుతుంటే పిల్లలు చెవులు మూసుకుని కేకలు పెట్టారు. మూడో చుట్టు పూర్తి కాకుండానే బ్యాటరీ నీరసించి, రొయ్యల చెరువులో దిగబడింది. ఉత్తరం చేరాల్సిన మీ రేవుగుట్ట నిలయం సముద్రపు పాయకి అవతలి ఒడ్డున ఉంది. ఈ లెక్కన పాయలో పావు వంతు కూడా దాటం. ఇంకో బ్యాటరీ పెడదామంటే రెండు కేజీలు దాటిపోతుంది. మీ నియమం ప్రకారం బరువు పెంచలేం, కాబట్టి మా చేతిలో మిగిలింది మోటారు తీగ చుట్లూ, ప్రొపెల్లర్ కొలతా మాత్రమే.

వదిన చెరువులోకి దిగింది. బురదలోంచి కాకిని తీసుకొస్తూ నా మొహం వంక చూసి నవ్వింది. తిట్టినా బాగుండేది.

ఆశ్వయుజ బహుళ అష్టమి

మోటారు విప్పి, సన్న తీగతో మళ్లీ చుట్టాను. వేళ్లు చీరుకుపోయాయి. ఇప్పుడు పన్నెండు అంగుళాల ప్రొపెల్లర్ కావాలి, అది మీ నుంచి దొరకదు. అందుకని లోవరాజు మావయ్య దగ్గరికి వెళ్లాను. మా అమ్మ తమ్ముడు. ఈ చుట్టుపక్కల లంకల్లో తిరిగే పడవల్లో సగం ఆయన చేతి పనే. విరిగిన టేకు తెడ్డొకటి కోసి, రెండు రోజులు కూర్చుని చెక్కి తెచ్చాడు.

చూడగానే ముచ్చటేసింది. వెడల్పాటి రెక్కలు, బాగా మెలితిరిగిన వంపు. బిగించి, కరెంటు ఎంత లాగుతోందో చూపే పట్టు మీటరు తీగకి తగిలించి, పూర్తి వేగం ఇచ్చాను. ముల్లు చివరికంటా కొట్టింది. మోటారు మీద వేలు పెడితే చుర్రుమంది. కాసేపటికి పొగ వచ్చింది.

మావయ్య చెక్కింది పడవ ఇంజనుకి ఉండే రెక్క. ఆయనకి తెలిసిన రెక్క అదే. నీళ్లలో అయితే పొట్టిగా, వెడల్పుగా ఉండాలి. గాలికి ఆ బరువు లేదు, దాన్ని పొడవాటి సన్న రెక్కతో నెమ్మదిగా తోయాలి. ఇక వంపు సంగతి. ఒక్క చుట్టు తిరిగితే ప్రొపెల్లర్ ఎంత ముందుకి వెళ్లాలో అంత వంపు పెడతారు. ఈయన పెట్టిన వంపుకి ఒక్క చుట్టులో మోటారు రాజమండ్రి చేరాలి. మళ్లీ తీగ చుట్టాల్సింది నేనని తలుచుకుంటే ఏడుపొచ్చింది. ఆ మాటే గట్టిగా అనేశాను.

"తిరుగుడు తెడ్డు కావాలన్నావు, సేసిచ్చాను. గాలికని సెప్పావా?" అన్నాడు మావయ్య.

"విమానం గాల్లో కాక మరెక్కడ తిరుగుతుంది మావయ్యా?"

"ఏమో, నీ విమానం ఇంతవరకూ సెరువులోనే సూశాను."

వదిన ఎంతసేపు నవ్విందో. సాయంత్రం రేవుగుట్ట నుంచి రేడియోలో పిలుపు వచ్చింది. రోజూ వస్తుంది. ప్రసూన అని నిలయంలో పనిచేసే అమ్మాయి. "కాకిమెరక, ఖాళీ చేసి వచ్చేవారు ఎంతమందండీ?" అని అడుగుతుంది. గొంతు మెత్తన, ప్రశ్న మాత్రం గునపం. రోజూ చెప్పేదే చెప్పాను. సున్నా. "ధన్యవాదాలండీ" అని పెట్టేసింది.

ఆశ్వయుజ అమావాస్య

దీపావళి. మావయ్య ఈసారి చెక్కిన ప్రొపెల్లర్ నాలుగు రోజుల కిందటే సరిగ్గా కుదిరింది. పదమూడు అంగుళాల పొడవు, సన్నటి రెక్కలు, వంపు సగానికి సగం తగ్గించాం. పూర్తి వేగంలో కూడా మీటరు ముల్లు మధ్యలోనే ఆగింది. మోటారు మీద చెయ్యి పెట్టుకుని కబుర్లు చెప్పుకోవచ్చు. మీ ఆరంగుళాల కీచుపిట్ట తాగే కరెంటులో సగం కూడా తాగలేదు, తోపు మాత్రం దానికంటే ఎక్కువ.

నాకు గంతెయ్యాలనిపించింది. అంతలో మావయ్య దాన్ని విప్పి చంకలో పెట్టుకుని బయల్దేరాడు. ఎక్కడికంటే, నూనె తాగించాలట. మా దగ్గర ఏ చెక్కా సొరచేప నూనె తాగకుండా నీటి మీదికి వెళ్లదు. తెడ్డయినా, పడవ బల్లయినా, చివరికి గాలపు చువ్వ పిడి అయినా అంతే. నూనె తాగించాక ఊరి పేరు కాల్చి రాస్తారు, కొట్టుకుపోయినా దొరికినవాళ్లు తెచ్చి ఇస్తారని. తర్వాత చూరుకి నిలువుగా వేలాడదీసి ఆరబెడతారు.

"ఇది నీటి మీదకెల్లే సెక్క కాదు మావయ్యా."

"నీటి మీంచే కదే ఎల్లేది? దారిలో పడితేనో? నూనె తాగని సెక్క నా సేతిలోంచి బయటికెల్లదు. పేరు లేని సెక్క అసలే ఎల్లదు."

పేరు ఒక రెక్క మీద రాస్తే చాలన్నాను. రెండు రెక్కల మీదా మొత్తం పేరు పడాల్సిందే అన్నాడు. తెడ్డుకి ఒకటే రెక్క, దీనికి రెండు, కాబట్టి రెండు పేర్లట. ఆయనతో వాదించే ఓపిక లేక వదిలేశాను.

ఆరాక ఇవాళ బిగించి ఎగరేశాం. గాల్లోకి లేచిందో లేదో కాకికి వణుకు పట్టుకుంది. రెక్కలు అదురుతున్నాయి, ముక్కు ఊగిపోతోంది. వదిన వేగం తగ్గించేలోపే మోటారు పట్టు ఊడి, ముక్కు చీలి, గట్టు మీద పడింది. నేను పరిగెత్తేసరికి ధర్మాకోల్ ముక్కలు గాలికి చెల్లాచెదురయ్యాయి. ప్రొపెల్లర్ మాత్రం చెక్కుచెదరలేదు.

ఊళ్లో ఈసారి ఒక్క దీపం మాత్రమే పెట్టాం. మిగతా నూనె పడవలకి, మిగతా కరెంటు బ్యాటరీకి. మీకు పటంలో ఒక చుక్క తగ్గుతుందేమో గానీ, మాకు ఇల్లు. నేను చాలాసేపు ఆ దీపం ముందు కూర్చుని ఏడ్చాను. ఇదీ నమోదు చేసుకోండి.

కార్తీక శుద్ధ చవితి

రెండు రోజులు మావయ్యతో మాట్లాడలేదు. మూడో రోజు ఆయనే వచ్చి, ఇంకో ప్రొపెల్లర్ నా ముందు పెట్టాడు. దీనికీ నూనె తాగించి, రెండు రెక్కల మీదా పేరు కాల్చి ఆరబెట్టాడు. నాకు ఒళ్లు మండిపోయింది. విసిరేద్దామని తీసినదాన్ని, ఏమనుకున్నానో, మధ్య రంధ్రంలో సూది దూర్చి అడ్డంగా పట్టుకుని చూశాను. ఒక రెక్క కిందికి దిగిపోయింది. పాతదీ తెచ్చి చూశాను. అందులోనూ ఒక రెక్క దిగిపోయింది.

"మావయ్యా, వేలాడదీసినప్పుడు కిందవైపు ఉన్న రెక్క ఏది?"

ఆయన చూపించాడు. దిగిపోయిన రెక్కే. కొక్కెం గుర్తు పై రెక్క మీద ఉండనే ఉంది. నిలువుగా వేలాడదీస్తే తాగిన నూనె అంతా కిందికి జారి, కింది రెక్కలో చేరుతోంది. తెడ్డుకి ఆ బరువు మంచిదే, నీళ్లలోకి తేలికగా దిగుతుంది. నిమిషానికి వేల చుట్లు తిరిగేదానికి అదే చావు. చెక్కేటప్పుడు ఆయన రెండు రెక్కల్నీ వెంట్రుక వాసి తేడా లేకుండా తూచాడు, తర్వాత మా ఆచారమే ఆ లెక్కని పాడుచేసింది.

"నూనె మానెయ్, అంతే" అన్నాను.

"మాననే" అన్నాడు. కోపంగా కాదు. సూది మీద నిలబడ్డ ప్రొపెల్లర్ని తదేకంగా చూస్తున్నాడు. తర్వాత వేలితో నూనె తీసి, పైకి లేచిన రెక్క చివర రాశాడు. ఇంకొంచెం రాశాడు. కాసేపు ఆగి మళ్లీ రాశాడు. పైకి లేచిన రెక్క మెల్లగా కిందికి వచ్చి, ప్రొపెల్లర్ అడ్డంగా, నిశ్చలంగా నిలబడింది.

"తేలిగ్గా ఉన్నదానికి తాగించాలంతే. మానడమెందుకు?" అన్నాడు.

లేచి ఆయన్ని కావలించుకున్నాను. ఒంటినిండా సొరనూనె కంపు. ఇకనుంచి వేలాడదీయం. సూది మీద అడ్డంగా పెట్టి, గంటగంటకీ తిప్పుతూ ఆరబెడతాం. మా తాతలు చేసినట్టు కాదు, అయినా ఇది మా పద్ధతే.

కార్తీక శుద్ధ ఏకాదశి

కాకి మళ్లీ తయారైంది. కొత్త ముక్కు, కొత్త పట్టు. ఎగిరిందంటే ఎగిరింది. ఊరి చుట్టూ తిప్పుతూనే ఉన్నాం, వదినకి చేతులు నొప్పెట్టి దింపింది గానీ బ్యాటరీ ఇంకా మిగిలే ఉంది. చప్పుడే లేదు. తలపైన వెళ్లినా, గాలికి చీర కొంగు ఆడినంత శబ్దం.

తూకం దగ్గర కొత్త తలనొప్పి. అతుకులూ జిగురూ నూనే కలిసి రెండు కేజీలు దాటి కాస్త మొగ్గింది. తూకం మీ నిలయంలో మళ్లీ జరుగుతుంది, గోరంత ఎక్కువున్నా అది బొమ్మ కాదంటారు. బ్యాటరీ తగ్గిస్తే చేరదు. ఒకటి తర్వాత ఒకటి చూసుకుంటూ వచ్చి, చివరికి ఉత్తరానికి చుట్టిన ప్లాస్టిక్ సంచీ, దాని మీది తాడు తీసేశాను. ముల్లు సరిగ్గా రెండు మీదికి వచ్చింది.

"తడిస్తేనో?" అంది వదిన.

"తడవనియ్యకుండా నడుపు" అన్నాను.

"నీకు మొగుడు దొరకనిది ఇందుకేనే" అంది.

కార్తీక పౌర్ణమి

తెల్లారగానే అన్నా వదినా పడవలో పాయ మధ్యకి వెళ్లి లంగరు వేశారు. కాకిని నడిపే పెట్టె వదిన చేతిలో ఉంది, దాని సిగ్నల్ అక్కడ నుంచి అటు ఒడ్డుకీ ఇటు ఒడ్డుకీ అందుతుంది. కాకి ముక్కు మీది కెమెరా చూపించేది ఆవిడ ఒళ్లో ఉన్న తెరలో కనపడుతుంది. గట్టు మీద నేనూ, మావయ్యా, ఊరంతానూ. ఎదురుగాలి గట్టిగానే ఉంది.

"వదులు" అని రేడియోలో వదిన గొంతు వచ్చింది. రెండు చేతులతో ఎత్తి, నా బలమంతా పెట్టి విసిరాను. ఒక్కసారి కిందికి దిగి, అల మీద రాసుకుంటున్నట్టు వెళ్లి, లేచింది. జనం అరిచిన అరుపు పడవ దాకా వినపడిందట.

ఆ తర్వాత నాకు కనపడింది ఏమీ లేదు. రేడియోలో వదిన చెబుతుంటే వింటూ కూర్చున్నాను. "నా నెత్తి మీంచి ఎల్లిందే. నిదానంగా ఎల్తంది." కొంతసేపటికి, "మండలివాళ్ల పెద్ద విమానం పైనుంచి పోయింది, దాని గాలికి ఊగింది గానీ నిలబడింది." ఇంకొంతసేపటికి, "రేవుగుట్ట కనపడతంది. బ్యాటరీ అడుక్కొచ్చేసింది వేణీ." వదిన నన్ను పేరు పెట్టి పిలిచిందంటే పరిస్థితి బాగా లేదన్నమాట.

"మోటారు ఆపెయ్ వదినా. ఎత్తు ఉంది కదా, జారుకుంటూ పోనీ. అవతలి ఒడ్డు దగ్గర ఆఖరి దమ్ము వాడు."

"నాకు తెల్సు, నువ్వు నోర్ముయ్."

నోరు మూసుకున్నాను. పక్కన మావయ్య నా చెయ్యి పట్టుకున్నాడు.

"రేవు మెట్లు కనపడతన్నాయి. అల... మెట్టు మీద... తెర నల్లబడిపోయిందే."

అంతే. పడవ తిరిగొచ్చింది. వదిన దిగి నా పక్కన కూర్చుంది. మెట్టు తగిలిన మాట నిజమే, కానీ చేరిందో లేదో చెప్పలేనంది. పైగా ఉత్తరానికి సంచీ లేదు. ఆ సంచీ తీసింది నేనే. గట్టు మీద జనం ఒక్కరూ ఇంటికి వెళ్లలేదు. పోటు మొదలైంది, పంపులు తిరుగుతూనే ఉన్నాయి.

సాయంత్రం రేడియో మోగింది.

"కాకిమెరక, రేవుగుట్ట నిలయమండీ."

"చెప్పండి" అన్నాను.

"నల్లటి బొమ్మ విమానం ఒకటి మా రేవు మెట్ల మీద పడిందండీ. మా పై అధికారిగారు తూయించారు. తడి ఆరబెట్టి తూచమన్నాను. రెండు కేజీలకి మించలేదు, బొమ్మే. కానీ లోపల ఉత్తరం అల నీటికి పూర్తిగా తడిసిపోయిందండీ. సిరా కారిపోయి, ఏ ఊరి నుంచి వచ్చిందో తెలియడం లేదు. ఊరి పేరు లేనిదానికి ముద్ర వెయ్యకూడదన్నారు అధికారిగారు."

అరవడానికి నోరు తెరిచాను.

"ఉండండి, ఇంకా చెబుతున్నాను" అంది ప్రసూన. "మీ నమోదులు ఇక్కడ చదివేది నేనేనండీ. తెడ్డు మీద పేరుంటుందని రాశారు కదా, వెళ్లి చూశాను. ఒక రెక్క మెట్టుకి తగిలి విరిగిపోయింది. రెండోది బాగానే ఉంది. నూనె చెక్క కదా, నీళ్లు బొట్టుబొట్టుగా జారిపోయాయి. పేరు స్పష్టంగా ఉంది. గాలిదారిన వచ్చిన వస్తువు మీద చేత్తో రాసిన ఊరి పేరుంటే చాలనే ఉంది నియమంలో, కాగితం మీదే ఉండాలని లేదు. అదే చదివి వినిపించాను. అధికారిగారు పుస్తకం రెండుసార్లు తిరగేశారు. ముద్ర రెక్క మీద వేశానండీ. నూనె మీద సిరా నిలవలేదు, అందుకని ముద్రని నిప్పుల్లో కాల్చి ఒత్తాను."

ఏం జరిగిందో నాకు పూర్తిగా ఎక్కేలోపే ఊరు ఊరంతా కేకలు. వదిన నా జుట్టు పట్టుకుని ఊపేసింది. రెండు రెక్కల మీదా పేరు పడాల్సిందే అన్న మనిషి మాత్రం కండువాతో మొహం కప్పుకుని కూర్చున్నాడు.

కార్తీక బహుళ పంచమి

ముద్ర పడిన వస్తువుని తిరిగి ఊరికి చేర్చాలన్నదీ మీ నియమమే. అందుకని ఇవాళ మీ విమానం వచ్చింది. ఏడాదంతా రానన్న విమానం, విరిగిన చెక్కముక్క కోసం కీచుమంటూ వచ్చి గట్టు మీద దిగింది. రెక్కని గట్టు పంపుల గది తలుపు మీద మేకులతో కొట్టాం. పంపులు తిరుగుతున్నాయి.

దాంతోపాటు మీ కాగితం కూడా వచ్చింది. పౌర్ణమితో మొదలైన కొత్త ఏడాది నుంచి ఒక కేజీకి మించినది బొమ్మ కిందికి రాదట. గట్టు మీద నిలబడి అందరికీ చదివి వినిపించాను. మావయ్య, "అయితే పదకొండు అంగుళాలు సాలు, సెక్క ఇంకా సన్నంగా సూసుకోవాలి" అని ఉలి నూరడానికి లేచాడు. నేను రెక్కతోపాటు తిరిగొచ్చిన మోటారు విప్పి, తీగ సాగదీయడం మొదలుపెట్టాను.

సాయంత్రం రేడియోలో ప్రసూన పిలిచింది. వాతావరణం చెప్పింది, పోటు ఎత్తు చెప్పింది. ఖాళీ చేసేవారు ఎంతమందని అడగలేదు.

అయినా చెప్పాను. సున్నా.